ఇంట్లో నిప్పు అంటుకోకుండా, అంటుకున్నా అందరూ బయటపడేలా: ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఈ రాత్రి పడుకునే ముందు ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, మీ మంచం దగ్గర్నుంచి వీధి దాకా ఒకసారి నడిచి చూడండి. ఫోన్ టార్చ్ వేయొద్దు. దారిలో ఎన్ని గడియలు తీయాల్సి వచ్చింది, ఎన్ని తాళాలు అడ్డొచ్చాయి, ఆ తాళం చెవులు ఎక్కడున్నాయో మీకు తప్ప ఇంకెవరికైనా తెలుసా, చెప్పుల స్టాండు, కూలరు, పిల్లాడి సైకిలు దాటుకుంటూ రావాల్సి వచ్చిందా, ఇవన్నీ గమనించండి. ఇంట్లో అగ్నిప్రమాదాల గురించి ఎవరు చెప్పినా గ్యాస్ సిలిండర్‌తో మొదలుపెడతారు. నేను దారితో మొదలుపెడుతున్నా. ఎందుకంటే మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా మంట పక్కింట్లో పుట్టొచ్చు, కింది షాపులో పుట్టొచ్చు, అప్పుడు బయటికి దారి ఉందా లేదా అన్నదొక్కటే లెక్కలోకి వస్తుంది.

2025 మే 18, ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. కింద నగల షాపులు, పైన కుటుంబం ఉండే ఇల్లు, ఎక్కడానికీ దిగడానికీ ఒకటే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పొగే. అంతకుముందు 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, ఆ పొగ పైఅంతస్తులకి ఎక్కి 8 మంది చనిపోయారు. పొగ పైకే పోతుంది, పైకి పోవడానికి దానికి మెట్లే దారి, మనం దిగాల్సిన దారీ అదే. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు దారి సంగతి తేల్చండి

మెయిన్ డోర్‌కి లోపలి వైపు తాళంకప్ప వేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. గడియ, బోల్టు, లోపల్నుంచి తాళం చెవి లేకుండా తిరిగే లాక్, ఏదైనా సరే, చెవి వెతుక్కోకుండా తెరుచుకోవాలి. తలుపు బయట ఇనప గ్రిల్ గేటుకి తాళం వేయక తప్పదంటే, దాని చెవి తలుపు పక్కనే ఒక మేకుకి వేలాడదీయండి, కిటికీలోంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో. దాన్ని రోజూ వాడుకునే కీచైన్‌కి కట్టొద్దు, పొద్దున ఎవరో ఒకరు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. ఆ చెవి అత్తయ్యగారికీ తెలియాలి, ఎనిమిదేళ్ల పిల్లకీ అందాలి.

తర్వాత కిటికీలు. మన ఇళ్లలో ప్రతి కిటికీకీ గ్రిల్ ఉంటుంది, బాల్కనీకి కూడా పైనుంచి కిందిదాకా బిగించేస్తారు. దొంగల భయం, కోతుల భయం, పిల్లలు పడతారని భయం, అన్నీ నిజమే, నేను కాదనను. కానీ బాల్కనీ గ్రిల్‌లో ఒక్క పలకనైనా తలుపులా తెరుచుకునేలా వెల్డింగ్ అతనితో చేయించుకోండి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉంటే పెద్దమనిషి కూడా వంగి బయటికి రాగలడు. బందులు పెట్టి, గొళ్లెం పెట్టి, చిన్న తాళం వేసి, చెవి అక్కడే లోపలి గోడకి వేలాడదీస్తే సరిపోతుంది. ఒక పూట పని. బెడ్‌రూం కిటికీలకీ అంతే, కనీసం ఒక్కో గదికి ఒకటి. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుని ఏం లాభం, దూకుతామా అని అడగొచ్చు. దూకడానికి కాదు, తల బయట పెట్టి ఊపిరి తీసుకోవడానికి, కింద ఉన్నవాళ్లకి కనబడటానికి, ఫైర్ వాళ్లు నిచ్చెన వేస్తే అందుకోవడానికి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి టెర్రస్ తలుపు. కుర్రాళ్లు పైకెళ్లి సిగరెట్లు తాగుతున్నారని, పార్టీలు చేస్తున్నారని అసోసియేషన్ వాళ్లు దానికి తాళం వేసేస్తారు, చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ మంగళవారం ఊరెళ్తాడు. వచ్చే మీటింగ్‌లో ఈ సంగతి లేవనెత్తండి. లోపల్నుంచి గడియ తీస్తే తెరుచుకునేలా పెట్టించినా చాలు, లేదంటే తలుపు పక్కనే అద్దం బిగించిన చిన్న పెట్టెలో చెవి పెట్టించినా చాలు. రెండోది మెట్ల కింద, సెల్లార్‌లో పోగుపడ్డ సామాను. పాత పరుపులు, అట్టపెట్టెలు, పెయింట్ డబ్బాలు, ఎవరిదో తెలియని విరిగిన సోఫా, ఇవన్నీ సరిగ్గా కరెంటు మీటర్ల బోర్డు కిందే చేరతాయి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉంటున్న 9 మంది చనిపోయారు. మీ కింద ఏం నిల్వ ఉందో తెలుసుకునే హక్కు మీకుంది. అద్దెకున్నవాళ్లం, మాకెందుకు అనుకోవద్దు.

గ్యాస్: రోజూ చేసేవి, ఏడాదికోసారి చేసేవి

ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, గట్ల కిందికీ మంచాల కిందికీ పాకుతుంది. గదిలో గాలిలో వందకి రెండు పాళ్లు గ్యాస్ కలిసినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. దానికి సొంత వాసన లేదు కాబట్టి కంపెనీ వాళ్లు మెర్‌కాప్టాన్ అనే కుళ్లు వాసన కలుపుతారు. జలుబు చేసినా, వయసు మీద పడినా ఆ వాసన సరిగ్గా తెలియదు, కాబట్టి ముక్కునొక్కదాన్నే నమ్ముకోలేం.

రాత్రి వంటయ్యాక స్టవ్ నాబ్‌తో పాటు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కూడా ఆఫ్ చేయండి. పైపులో ఎక్కడ చిల్లు పడినా రెగ్యులేటర్ ఆపేశాక లీకయ్యేది పైపులో మిగిలిన కాస్తే. ఊరికి వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి, దారంతో సిలిండర్‌కి కట్టి వచ్చే ఆ ప్లాస్టిక్ టోపీ బిగించి వెళ్లండి. ఆ టోపీని కోసి పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు, లీకు ఆగని సిలిండర్‌ని ఆపడానికి ఇంట్లో ఉండే సాధనం అదొక్కటే.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు డెలివరీ అబ్బాయిని కాసేపు ఆపండి. తొందరలో ఉంటాడు, విసుక్కుంటాడు, ఫర్వాలేదు. సీలు ఉందో లేదో చూడండి. టోపీ తీసి వాల్వు లోపల నల్ల రబ్బరు వాషర్ ఉందా, పగిలిందా చూడండి. పైన కడియానికి ఆనుకుని ఉండే పట్టీల మీద లోపలివైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబర్, డీ అంటే డిసెంబర్. సీ-27 అని ఉంటే ఆ సిలిండర్‌ని 2027 సెప్టెంబర్‌లోపు మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. గడువు దాటినది తెస్తే వెనక్కి పంపేయండి. రెగ్యులేటర్ పెట్టాక సబ్బు నీళ్లు కలిపి వాల్వు చుట్టూ, పైపు రెండు చివర్లా రాయండి. బుడగలు వస్తే లీకు. అగ్గిపుల్ల వెలిగించి చూసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లకి దణ్ణం పెట్టి చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కోండి.

పైపు సంగతి. ఆరెంజ్ రంగులో ఉండే సురక్ష ట్యూబ్ ఐదేళ్లకోసారి మార్చాలి, తేదీ దాని మీదే అచ్చేసి ఉంటుంది. నూనె జిడ్డు పట్టి కనబడకపోతే ఈపాటికే ఆలస్యమైందనుకోండి. పచ్చ ప్లాస్టిక్ పైపు ఎక్కడైనా వాడుతుంటే ఈ వాక్యం పూర్తయ్యేలోపు తీసేయండి. పైపుని గోడలోంచి, గట్టు రాయికి పెట్టిన కన్నంలోంచి లాగితే రాపిడికి అక్కడే తెగుతుంది, అందరికీ కనబడేలా ఉండాలి. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. సిలిండర్‌ని గట్టు కింద అరలో మూసి పెట్టేవాళ్లు ఆ అర తలుపుకి అడుగున కన్నాలు పెట్టించండి. గ్యాస్ కిందికి దిగుతుంది కదా, పైన కన్నాలు పెడితే ఉపయోగం ఉండదు.

గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నోటికి రావాలి. స్విచ్‌లేవీ ముట్టుకోవద్దు, వేయొద్దు, ఆర్పొద్దు కూడా. లైటు ఆర్పినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలని చెయ్యి దానంతటదే పోతుంది, వద్దు. దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే ఆర్పేయండి. రెగ్యులేటర్ ఆపి, వీలైతే తీసి టోపీ పెట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చేసి, బయటికొచ్చాకే ఫోన్ తీసి 1906కి చేయండి, అది గ్యాస్ లీకులకే పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటే అక్కడినుంచి ఆపొచ్చు, లోపల ఉంటే దాని జోలికి పోవద్దు.

పైపు దగ్గరో రెగ్యులేటర్ దగ్గరో మంట పట్టుకుంటే, మంట చిన్నగా ఉన్నప్పుడే గోనెసంచో మందపాటి దుప్పటో నీళ్లలో ముంచి పిండి కప్పి, దాని కిందినుంచి రెగ్యులేటర్ ఆపేయాలి. అసలు పని గ్యాస్ ఆపడం. గ్యాస్ ఆగకుండా మంట ఒక్కటే ఆరితే గదంతా గ్యాస్ నిండి ఇంకా పెద్ద ప్రమాదమవుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, సిలిండరే మంటల్లో ఉంటే, వదిలేసి పరిగెత్తండి.

మూకుట్లో నూనె అంటుకుంటే

నూనెలోంచి పొగ వస్తోందంటే అది ఆఖరి హెచ్చరిక. గారెలో పకోడీలో వేస్తూ ఎవరో కాలింగ్ బెల్ కొట్టారని వెళ్లి, మాటల్లో పడటం, మామూలుగా జరిగేది అదే. వెళ్లేటప్పుడు స్టవ్ ఆపి వెళ్లండి, నూనె చల్లారితే మళ్లీ కాగుతుంది, ఏమీ పోదు.

అంటుకున్నాక ఒక్కటే గుర్తుపెట్టుకోండి, నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కన్నా బరువు, అడుక్కి దిగి ఒక్క క్షణంలో ఆవిరవుతాయి, నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఆవిరి మండే నూనెని పైకప్పుదాకా ఎగజిమ్ముతుంది. చేయాల్సింది స్టవ్ ఆపడం, మూకుడుకన్నా పెద్ద మూతని పక్కనుంచి జరిపినట్టు మీద పెట్టడం, అరగంటైనా మూత తీయకపోవడం. మూత దొరక్కపోతే స్టీలు పళ్లెం పెట్టొచ్చు. మూకుడు ఎత్తుకుని సింకు దగ్గరికి పరిగెత్తడం మాత్రం చేయొద్దు. అందుకే నూనె వంట మొదలుపెట్టేముందే సరిపోయే మూత పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంకోటి, వంట చేసేటప్పుడు నైలాన్, పాలిస్టర్ చున్నీలు, చీరలు వద్దు, కాటన్ నైటీయో కాటన్ చీరో మేలు, కొంగు నడుముకి దోపుకోవాలి. సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

కరెంటు: ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు

చాలామంది ధీమా ఇదే. ఎంసీబీ మంచిదే, ఉండాల్సిందే, అది వైరులో కరెంటు పరిమితి దాటితే పడిపోతుంది. కానీ సాకెట్‌లో స్క్రూ వదులై, వైరు సరిగ్గా ఆనకపోతే, అక్కడ కరెంటు పెరగదు, వేడి పెరుగుతుంది. ఎంసీబీకి అది కనబడదు. రోజుల తరబడి ఆ ప్లగ్గు కాగుతూ, ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారుతూ ఉంటుంది, ఒకరోజు అంటుకుంటుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎక్కువ కరెంటు లాగేవి, ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె, మోటారు, ఇవి అరగంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాలి. బోర్డు మీద మరక, చిటపట శబ్దం, స్విచ్ వేయగానే లైటు మిణుకుమనడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఇవేవైనా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. రేపు చూద్దాం అనే పని కాదిది.

లెక్క సులువే. 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దాదాపు 1,380 వాట్ల దాకా మోస్తుంది. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు. దాన్ని ఫ్రిజ్, మిక్సీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కే గుచ్చితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏసీకి, గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్, విడిగా వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఫోన్ ఛార్జర్లకీ, టీవీకీ తప్ప దేనికీ వాడొద్దు, ఒకదాంట్లో ఇంకోటి గుచ్చొద్దు, తివాచీ కిందినుంచి పరుపు కిందినుంచి లాగొద్దు.

వేసవిలో ఇంకో గొడవ. ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోందని ఎవరో వచ్చి 16ది తీసి 32ది పెట్టేసి వెళ్తాడు, ఇక పడదు, మీరు కూడా సంతోషిస్తారు. గోడ లోపల ఉన్న వైరు మాత్రం పాతదే. ఇప్పుడు ఎంసీబీ పడకుండా వైరే కాలుతుంది. పాత ఇళ్లలో ఫ్యూజుకి మందపాటి తీగ చుట్టడం కూడా ఇదే. మాటిమాటికీ పడుతోందంటే అది మీకు ఏదో చెబుతోంది, దాని నోరు మూయొద్దు, వైరింగ్ చూపించండి. పదిహేను ఇరవై ఏళ్ల కింద కట్టిన ఇల్లయితే, అప్పట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ లెక్కతో వేసిన వైర్లవి. ఈరోజు వాటి మీద రెండు ఏసీలు నడుస్తున్నాయి.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందేమో చూడండి, లేకపోతే పెట్టించండి. అది కరెంటు షాక్ నుంచి కాపాడుతుంది, వైరు పొర చిరిగి కరెంటు భూమిలోకి కారుతుంటే కూడా పట్టుకుంటుంది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే చెడిపోయినట్టే. ఎర్తింగ్ కూడా అదే రోజు చెక్ చేయించండి.

బ్యాటరీలు

2022 ఏప్రిల్‌లో వారం తిరక్కుండా నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలాయి, రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఒకటి అందరూ పడుకునే చోట, ఇంకోటి బెడ్‌రూంలో. ఆ ఏడాది చివర్లో కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలు కఠినం చేసింది, అప్పటినుంచి వచ్చినవి కొంత నయం. మీది పాతదైనా కొత్తదైనా పద్ధతి ఒకటే: బ్యాటరీని పడుకునే గదిలో ఛార్జ్ చేయొద్దు, మెయిన్ డోర్ పక్కన, మెట్ల దగ్గర అసలే వద్దు (అంటుకుంటే మీరు బయటికి వచ్చే దారే పోతుంది), రాత్రంతా వదిలేయొద్దు. బండి నడిపి వచ్చిన వెంటనే వేడి మీద పెట్టకుండా కాసేపు ఆగండి. కంపెనీ ఛార్జరే వాడండి. కింద పడ్డ బ్యాటరీ, వర్షంలో మునిగిన బ్యాటరీ, కాస్త ఉబ్బినట్టున్న బ్యాటరీ ఇంట్లోకి తేవద్దు. ఉబ్బిన ఫోన్లు, పవర్‌బ్యాంకులు కూడా అంతే. ఫోన్‌ని దిండు కింద ఛార్జింగ్ పెట్టే పిల్లల సంగతి మీరే చూసుకోండి, నేను చెబితే వినరు.

ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలాడే చోట పెట్టండి, దాని పైన దేవుడి గూడు పెట్టి దీపం వెలిగించొద్దు. నవ్వొద్దు, చూశాను కాబట్టే చెబుతున్నా.

దీపాలు, దోమల చుట్టలు, గడ్డివాములు

దీపం వెలిగించి ఆఫీసుకి వెళ్లిపోవడం మానండి. కొండెక్కేదాకా ఇంట్లో ఎవరూ ఉండని రోజు, వత్తి సన్నగా, నూనె కొంచెమే వేసి, పూజయ్యాక శాంతపరచి వెళ్లొచ్చు, దేవుడేమీ అనుకోడు. కుందుల కింద ఇత్తడి పళ్లెం ఉండాలి, వెనక పాలిస్టర్ తెరలు, ప్లాస్టిక్ పూలదండలు ఉండకూడదు. చెక్క పూజామందిరం అయితే దీపం మంటకి పైఅర ఎంత దూరంలో ఉందో చెయ్యి పెట్టి చూడండి, వేడి తగిలితే దీపాన్ని ముందుకి జరపండి. వత్తిని ఎలుకలు ఎత్తుకుపోతాయన్నది ఉత్తమాట కాదు, మండుతున్న వత్తితోనే పరిగెత్తాయంటే అటక మీద ఉన్నవన్నీ పోతాయి. కార్తీకమాసంలో గుమ్మం ముందు దీపాల వరస మధ్యలోంచి పిల్లలు పట్టు పరికిణీలతో దాటకుండా చూసుకోండి.

దోమల చుట్టని మంచం కింద పెట్టొద్దు, జారిన దుప్పటి చాలు.

ఊళ్లలో పరిస్థితి వేరు. ఎండాకాలం మధ్యాహ్నం గాలి లేచినప్పుడు ఒక తాటాకు పాక అంటుకుంటే వరసగా పది పోతాయి. పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పాక కూడా బూడిదలో నివురు ఉంటుంది, దాన్ని పెంట మీదో గడ్డివాము పక్కనో పోయకుండా మట్టి గుంటలో పోసి మళ్లీ నీళ్లు పోయండి. వరిగడ్డి వాము ఇంటికి వీలైనంత దూరంగా, కరెంటు తీగల కింద కాకుండా వేయండి. పాకలో గ్యాస్ స్టవ్ పెట్టుకుంటే వంట చేసే మూల రేకో మట్టిగోడో ఉండేలా చూసుకోండి. ఇంటి ముందు నిండా నీళ్లున్న తొట్టి, పక్కన బకెట్లు, ఫైరింజన్ వచ్చేలోపు ఊళ్లో మీకున్న బలం అదే.

కొనాల్సినవి రెండే

ఒకటి, ఏబీసీ పౌడర్ ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, రెండు కిలోలది చాలు, సుమారు వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. స్టవ్ పక్కన కాకుండా వంటింటి గుమ్మం దగ్గర బిగించండి, మంట స్టవ్ దగ్గర ఉంటే దాన్ని దాటి వెళ్లి తీసుకోలేరు. ముల్లు పచ్చ భాగంలో ఉందా అని నెలకోసారి చూడండి. వాడటం: పిన్ను లాగాలి, గొట్టాన్ని మంట మొదలు వైపు తిప్పాలి, పిడి నొక్కాలి, ఇటూ అటూ ఊపాలి. పది సెకన్ల అటూ ఇటూలో అయిపోతుంది. కాబట్టి చెత్తబుట్టంత మంటకే అది, అంతకుమించితే బయటికి పరుగే. వాడేటప్పుడు తలుపు మీ వీపు వైపు ఉండాలి.

రెండోది, స్మోక్ అలారం. బ్యాటరీతో నడిచేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పడుకున్న మనిషిని పొగ వాసన లేపదు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే లేదు, నిద్రలోంచి స్పృహ లేని స్థితికి తీసుకెళ్తుంది. అందుకే బెడ్‌రూంల బయట సీలింగ్‌కి ఒకటి పెట్టండి. వంటింట్లో వద్దు, తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇళ్లలో ఇవి ఎలాగూ ఉంటాయి, కానీ ఎండుమిర్చి వేయించినప్పుడు గోల చేస్తోందని బ్యాటరీ పీకేసి డ్రాయర్‌లో పడేసినవాళ్లు ఎంతమందో. వెంటనే మళ్లీ పెట్టండి, తాలింపు వేసేటప్పుడు పైన చిమ్నీ ఫ్యాన్ వేసుకోండి.

నిజంగా అంటుకుంటే

అరవండి, అందర్నీ లేపండి, బయటికి నడవండి, వచ్చే దారిలో తలుపులు మూసుకుంటూ రండి. మూసిన తలుపు మంటనీ పొగనీ కొన్ని నిమిషాలు ఆపుతుంది, ఆ నిమిషాలే కావాలి. బీరువా తెరవొద్దు, బంగారం, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ దేనికోసమూ ఆగొద్దు. పిల్లలూ ముసలివాళ్లూ ఎవరి బాధ్యతో ముందే పంచుకోండి, నాన్న చిన్నదాన్ని, అమ్మ బాబుని, పెద్దబ్బాయి నానమ్మని, ఇలా పేర్లతో సహా. భయపడ్డ చిన్నపిల్లలు మంచం కింద, బీరువా వెనక దాక్కుంటారు, పిలిచినా పలకరు, వెతకాల్సిన చోట్లు అవే.

పొగ ఉంటే నేల దగ్గర గాలి కాస్త శుభ్రంగా ఉంటుంది, పాకుతూ రండి. లిఫ్ట్ ఎక్కొద్దు. తలుపు తెరిచేముందు చేతి వెనకవైపుతో తాకండి, వేడిగా ఉంటే తెరవొద్దు. మెట్ల మీద పొగ నిండిపోయిందంటే అందులోకి దిగొద్దు, గదిలోకి వెనక్కి వచ్చి తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి రంగు బట్ట ఊపుతూ 101కి గాని 112కి గాని చేయండి. ఫోన్‌లో ముందు అడ్రస్ చెప్పండి, ఏ వీధి, ఏ గుర్తు, ఎన్నో అంతస్తు, తర్వాతే మిగతాది. ఇరుకు సందైతే ఒకరు రోడ్డు మీదికి వెళ్లి నిలబడి ఫైరింజన్‌కి దారి చూపించాలి, పార్కింగ్ చేసిన బండ్లు తీయించాలి.

బయట కలుసుకునే చోటు ముందే అనుకోండి, వేపచెట్టు కింద, కిరాణా కొట్టు ముందు, ఏదో ఒకటి. అక్కడ తలలు లెక్కపెట్టండి. ఎవరైనా తక్కువైతే ఫైర్ వాళ్లకి ఏ గదిలో ఉంటారో చెప్పండి, మీరు మళ్లీ లోపలికి వెళ్లొద్దు. ఇదంతా ఒక ఆదివారం సాయంత్రం పిల్లలతో ఒకసారి చేసి చూడండి, వాళ్లకి ఆటలా ఉంటుంది, మీకు ఎక్కడ ఆలస్యమవుతోందో తెలుస్తుంది.

ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, నేల మీద పడి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి, పక్కనున్నవాళ్లు మందపాటి కాటన్ దుప్పటి కప్పొచ్చు. కాలిన చోట ట్యాప్ కింద ఇరవై నిమిషాలు మామూలు చల్లనీళ్లు పోయండి, ఐసు వద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. అతుక్కున్న బట్టని పీకొద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న, పక్కింటావిడ చెప్పిన ఆకు పసరు, ఏదీ రాయొద్దు, డాక్టరు అదంతా గీకి తీయాల్సి వస్తుంది. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి 108కి చేయండి. ముఖం కాలినా, మసి పీల్చినా, బయటికి బాగానే కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, గొంతు వాపు కొన్ని గంటల తర్వాత రావచ్చు.

మంట ఆరాక కరెంటు మీరు వేయొద్దు, ఎలక్ట్రీషియన్ వైరింగంతా చూశాకే. సామాను కదిలించేముందు అన్నివైపులా ఫోటోలు, వీడియో తీసుకోండి. ఫైర్ స్టేషన్‌కి అర్జీ పెట్టి రిపోర్టు తీసుకోండి, నష్టం పెద్దదైతే పోలీస్ స్టేషన్‌లో కూడా రాయించండి, ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లకి ఆలస్యం చేయకుండా చెప్పండి. గ్యాస్ వల్ల జరిగిన ప్రమాదమైతే మీ డిస్ట్రిబ్యూటర్‌కి వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి, ఆయిల్ కంపెనీలు తమ కనెక్షన్ ఉన్నవాళ్ల కోసం బీమా తీసుకుని ఉంటాయి, దానికి మీరు విడిగా ఏమీ కట్టక్కర్లేదు. కనెక్షన్ ఎవరి పేరున ఉంది, ఏ అడ్రస్‌లో ఉంది అన్నది వాళ్లు చూస్తారు. తాతగారి పేరు మీద పాత ఇంటి అడ్రస్‌తోనే నడుస్తుంటే, అది ఈ వారంలోనే మార్పించుకోండి.